యాంప్ ఆన్ చేస్తే 'గుయ్' అంటోందా? ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు.. అసలు తప్పు ఎక్కడుందో ఇలా కనిపెట్టండి!

కరీంనగర్: ప్రోగ్రామ్ మొదలవడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. గిటార్ జాక్ పెట్టి యాంప్ ఆన్ చేయగానే స్పీకర్‌లోంచి 'గుయ్య్..' అని ఒకటే మోత. వాల్యూమ్ తగ్గిస్తే గిటార్ వినిపించదు. పెంచితే మోత తప్ప ఇంకేమీ వినిపించదు. సరిగ్గా అప్పుడే స్టేజీ పక్క నుంచి ఎవరో ఒకరు ఆ సలహా ఇస్తారు. "అన్నా, ప్లగ్గుల ఎర్త్ పిన్ను పీకెయ్.. సౌండ్ ఆగుతది!"

నిజమే, ఆగుతుంది. చాలాసార్లు వెంటనే ఆగుతుంది కూడా. అందుకే చర్చి క్వయర్ల నుంచి వినాయక మండపాల దాకా, పెళ్లి రిసెప్షన్ల నుంచి ఇంట్లో పెట్టుకున్న చిన్న స్టూడియోల దాకా ఈ చిట్కా చేతులు మారుతూనే ఉంది. కానీ ఆ పిన్నుతో పాటు వాయించేవాళ్ల ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది. అసలు ఆ మోత ఎక్కడి నుంచి వస్తుంది? పిన్ను పీకకుండా దాన్ని ఎలా ఆపాలి? చూద్దాం.

ఆ మోత పుట్టేది మన దగ్గరే!

రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. పాత ప్లాంట్ కెపాసిటీ 2600 మెగావాట్లు. అటు గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంట్. ఈ ప్లాంట్లలో టర్బైన్లు నిమిషానికి 3000 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 50 సార్లు. అందుకే మన సాకెట్లలో వచ్చే కరెంట్ కూడా సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దీన్నే 50 హెర్ట్జ్ అంటారు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశం గ్రిడ్‌తో కలిసినప్పటి నుంచి ఆదిలాబాద్‌లో అయినా అమృత్‌సర్‌లో అయినా ఒకటే తాళం.

ఆ ఊపు యాంప్‌లోకి దొంగదారిన చొరబడితే స్పీకర్ దాన్ని నమ్మకంగా వాయించి పెడుతుంది. మీరు వినే 'గుయ్' అదే.

ఇక్కడ గిటారిస్టులకు పనికొచ్చే ఒక విషయం ఉంది. ఆరో తీగ (అన్నిటికంటే లావు తీగ) మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. అది జీ నోట్, 98 హెర్ట్జ్. మీ యాంప్ మోత దీనికి దాదాపు దగ్గరగా, కాస్త ఎక్కువ శ్రుతిలో, గరగరమని వినిపిస్తోందంటే అది 100 హెర్ట్జ్ రకం. అలా కాకుండా దానికంటే ఒక స్థాయి కింద, మెత్తగా, కడుపులో మోగినట్టు ఉంటే అది 50 హెర్ట్జ్. ఈ తేడా చెవికి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. 50 అయితే బయటి కరెంట్ వైర్ల నుంచో, ఎర్తింగ్ గొడవ వల్లో వస్తుండొచ్చు. 100 అయితే యాంప్ లోపల కరెంట్‌ను ఏసీ నుంచి డీసీకి మార్చే భాగం మీద అనుమానపడాలి. ఇది కొట్టినట్టు కరెక్ట్ లెక్కేమీ కాదు, చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

యూట్యూబ్‌లో చాలా వీడియోలు '60 సైకిల్ హమ్' అంటుంటాయి కదా. అవి అమెరికా వీడియోలు. అక్కడి కరెంట్ 60 హెర్ట్జ్, 120 వోల్టులు. మన దగ్గర 230 వోల్టులు. వాళ్ల చిట్కాలు మన బోర్డుల మీద ప్రయోగించే ముందు ఈ తేడా గుర్తుండాలి.

ముందు జాక్ పీకండి, పిన్ను కాదు

యాంప్ ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, గిటార్ కేబుల్‌ను యాంప్ వైపు నుంచి తీసేయండి. ఇప్పుడు వాల్యూమ్ మెల్లగా పెంచండి. మోత లేదా? అయితే యాంప్ బాగానే ఉంది. తప్పు కేబుల్‌లోనో, గిటార్‌లోనో, మధ్యలో ఉన్న పెడల్స్‌లోనో ఉంది. మోత అలాగే ఉందా? అయితే వాల్యూమ్ నాబ్ తిప్పి చూడండి. నాబ్‌తో పాటు మోత పెరిగి తగ్గుతుంటే అది యాంప్ ముందు భాగంలో దూరుతోంది. నాబ్ సున్నా దగ్గరున్నా మోత మారకపోతే పవర్ సప్లై సంగతి. అది మెకానిక్ పని.

కేబుల్ కేసు అన్నిటికంటే ఎక్కువ. గిటార్ కేబుల్‌లో మధ్యన ఒక సన్న వైరు, దాని చుట్టూ జాలీలాగా అల్లిన రాగి పొర ఉంటాయి. బయటి మోతలు లోపలి వైరుకు తగలకుండా ఆ జాలీయే గొడుగు పడుతుంది. కేబుల్‌ను మోచేతికి బిగుతుగా చుట్టి, జాక్ దగ్గర మెలిపెట్టి దాచే అలవాటుంటే ముందు తెగేది ఆ జాలీ కొసే. సోల్డరింగ్ ఊడిపోతుంది, గొడుగు పోతుంది, గది నిండా ఉన్న కరెంట్ మోత లోపలికి వచ్చేస్తుంది. పక్కవాళ్ల కేబుల్ అడిగి పెట్టి చూడండి, నిమిషంలో తేలిపోతుంది. ఇంకోటి.. స్పీకర్‌కు వాడే వైరుకు ఈ జాలీ ఉండదు. రెండు కొసలకూ ఒకేలాంటి జాక్ ఉంది కదా అని దాన్ని గిటార్‌కు పెడితే మోత ఖాయం.

కేబుల్ మంచిదే అని తేలితే తీగల మీద చెయ్యి పెట్టండి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగలు బ్రిడ్జి ద్వారా జాక్‌కు, అక్కడి నుంచి కేబుల్ జాలీకి, యాంప్ బాడీకి, చివరికి ఎర్త్‌కు కలిసి ఉంటాయి. తీగలు ముట్టుకోగానే మోత తగ్గితే కంగారు వద్దు, అది మామూలే. మీ ఒళ్లు యాంటెన్నాలా మోతను పట్టి గిటార్‌కు అందిస్తోంది, తీగలు తాకగానే అది ఎర్త్‌లోకి పోతోంది. తాకితే మోత ఇంకా పెరిగితే మాత్రం గిటార్ లోపల ఎర్త్ వైరు ఊడినట్టు అనుమానించాలి. తాకినప్పుడు చేతికి జివ్వుమంటే? ఇక అక్కడితో వాయించడం ఆపేయాలి. ఎందుకో కింద ఉంది.

గిటార్ పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరిగితే మోత ఒక దిక్కున పెరిగి, ఇంకో దిక్కున తగ్గిందా? అది సింగిల్ కాయిల్ పికప్ స్వభావం. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు సన్న రాగి తీగ.. ఫ్యాన్, ట్రాన్స్‌ఫార్మర్, చోక్ ఏది దగ్గరున్నా వాటి అయస్కాంత ఊపును పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సేత్ లవర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కనే పెట్టి, ఒకదానికి చుట్టు దిశనూ అయస్కాంతం ముఖాన్నీ తిప్పేశాడు. బయటి నుంచి వచ్చే మోత రెండింటిలో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. మోతను అణిచేది కాబట్టి పేరే హంబకర్. మీ గిటార్‌కు సింగిల్ కాయిల్ ఉంటే యాంప్‌కు మూడు నాలుగు అడుగులు దూరం జరిగి, మోత తక్కువున్న దిక్కుకు తిరిగి నిలబడటమే చవకైన మందు.

కూలర్, ఇన్వర్టర్, సీరియల్ లైట్లు.. అసలు దొంగలు వీళ్లే

ఎండాకాలంలో మన దగ్గర కూలర్ ఆపి రిహార్సల్ చేయడం అంటే మాటలు కాదు. కానీ ఒక్క నిమిషం ఆపి చూడండి. కూలర్ మోటార్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్, చవక ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు, మొబైల్ చార్జర్.. వీటిలో ఏది ఆపినప్పుడు 'జర్ర్' ఆగుతుందో అదే దొంగ. మెత్తటి 'గుయ్' కాకుండా కందిరీగ తుట్టెలా గరగరమంటే తప్పు తరచూ వీటిదే. యాంప్‌ను ఆ లైన్ నుంచి తప్పించి వేరే బోర్డుకు మార్చినా తేడా తెలుస్తుంది.

కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే మోత మారిపోయిందా? పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు కరెంట్‌ను నున్నగా ఊపవు, మెట్లు మెట్లుగా కొడతాయి. ఫ్యాన్ కూడా అప్పుడు గుర్రుమంటుంది, గమనించే ఉంటారు. ఆ మెట్ల చప్పుడే యాంప్‌లో వినిపిస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ చాలా తక్కువ.

ఇక వైర్లు పరిచే తీరు. గిటార్ కేబుల్, కరెంట్ వైరు రెండూ కలిపి టేప్ చుట్టి స్టేజీ అంచున నీట్‌గా పంపడం చూడ్డానికి బాగుంటుంది. చెవికే బాగోదు. రెండూ పక్కపక్కన ఎంత దూరం నడిస్తే అంత మోత. విడివిడిగా పంపాలి, దాటక తప్పకపోతే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి.

రెండు బోర్డులు.. ఒక లూప్

ఇంట్లో యాంప్ బాగానే పాడుతుంది. ఫంక్షన్ హాల్‌కు పోయి మిక్సర్‌కు కలపగానే మోత మొదలవుతుంది. ఇది గ్రౌండ్ లూప్. ఎర్త్ పిన్ను పీకమనే సలహా పుట్టింది కూడా ఇక్కడే.

యాంప్ స్టేజీ మీది బోర్డు నుంచి కరెంట్ తీసుకుంటుంది. మిక్సర్ హాల్ చివర ఇంకో బోర్డు నుంచి. రెండింటికీ ఎర్త్ ఉంది. ఇప్పుడు రెండింటినీ కలుపుతూ ఆడియో కేబుల్ వేశారు. దాని జాలీ కూడా రెండు ఎర్త్‌లనూ కలిపేస్తుంది. అంటే యాంప్ నుంచి ఎర్త్‌కు రెండు దారులు తయారై పెద్ద చుట్టు ఏర్పడింది. రెండు బోర్డుల దగ్గర ఎర్త్ వోల్టేజీలో కాస్త తేడా ఉన్నా, చుట్టూ కరెంట్ వైర్ల ఊపు తగిలినా ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంట్ పారుతుంది. పారేది ఆడియో కేబుల్ జాలీలో కాబట్టి పాటతో పాటే స్పీకర్‌కు చేరుతుంది.

ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకితే చుట్టు తెగుతుంది, మోత పోతుంది. కానీ తెంపాల్సింది ఆ కొస కాదు. యాంప్, మిక్సర్, కీబోర్డ్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చుట్టు చిన్నదైపోతుంది, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అయినా మిగిలితే మధ్యలో డీఐ బాక్స్ పెట్టాలి. దాని మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే స్విచ్ ఉంటుంది. అది ఆడియో కేబుల్ జాలీని మాత్రమే విడదీస్తుంది, కరెంట్ ఎర్త్ జోలికి పోదు. మోతా పోతుంది, కాపలా కూడా ఉంటుంది.

ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫోక్ సాంగ్స్ రికార్డ్ చేసేవాళ్లకు ఇదే గొడవ ఇంకో వేషంలో వస్తుంది. చార్జర్ పెట్టగానే గరగర. పీకి బ్యాటరీ మీద నడిపితే నిశ్శబ్దం. అలా అయితే టేక్ తీసుకునేంతసేపు బ్యాటరీ మీదే నడపండి, మైక్‌నో గిటార్‌నో విసుక్కోవాల్సిన పని లేదు.

పిన్ను పీకితే అసలేం జరుగుతుంది?

1972 మే 3. బ్రిటన్‌లోని స్వాన్సీ అనే ఊళ్లో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ కచేరీ. గిటారిస్ట్ లెస్ హార్వే మైక్ పట్టుకున్నాడు. ఎర్తింగ్ సరిగా లేని ఆ సెట్‌లో షాక్ కొట్టి ప్రేక్షకుల ముందే చనిపోయాడు. వయసు 27 ఏళ్లు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ సింగర్ కీత్ రెల్ఫ్ లండన్‌లో తన ఇంట్లోనే గిటార్ వాయిస్తూ షాక్‌తో పోయాడు. అక్కడా ఎర్తింగే లోపం. 33 ఏళ్లు. ఇద్దరూ కొత్తవాళ్లు కాదు, రోజూ వైర్ల మధ్య బతికినవాళ్లే.

యాంప్ ఇనుప బాడీ ఎర్త్‌కు కలిసి ఉన్నప్పుడు లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే ఏమవుతుంది? కరెంట్ ఒక్కసారిగా ఎర్త్‌లోకి దూకుతుంది, ఫ్యూజు పోతుంది లేదా ఎంసీబీ పడిపోతుంది. అంతే. పిన్ను లేకపోతే అదేమీ జరగదు. బాడీ మీద 230 వోల్టులు అలాగే కూర్చుంటాయి. బాడీ నుంచి కేబుల్ జాలీకి, జాలీ నుంచి మీ తీగలకు. యాంప్ మామూలుగానే పాడుతుంది, పైగా మోత కూడా లేదు! మీకు ఏమీ తెలియదు. పక్కనున్న మైక్ ఇంకో సెట్ నుంచి సరైన ఎర్త్‌తో వచ్చింది. చేతులు తీగల మీద, పెదవులు మైక్ జాలీ మీద. చుట్టు పూర్తయింది, మధ్యలో గుండె.

'ఎంసీబీ ఉంది కదా' అనుకోవద్దు. 6 ఆంపియర్ల ఎంసీబీ ఆంపియర్ల లెక్కలోనే కదులుతుంది. మనిషి గుండె ఆగడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. దాన్ని పసిగట్టి తెంపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మండపంలోనో హాల్‌లోనో అది ఉందా అని అడగడం గిటార్ శ్రుతి చేసుకున్నంత మామూలు పని కావాలి. వినాయక చవితి వచ్చేది వానాకాలంలో. తడి నేల, తడి చెప్పులు, చెమట పట్టిన చేతులు.. వీటికి పిన్ను లేని ప్లగ్గు తోడైతే ఇక చెప్పేదేముంది.

పిన్ను ఉన్నా ఎర్త్ లేకపోతే?

ఇదే అసలు చిక్కు. చాలా ఎక్స్‌టెన్షన్ బాక్సులకు మూడు రంధ్రాలు కనిపిస్తాయి, లోపల మాత్రం రెండే వైర్లు. మూడో రంధ్రం అలంకారం. పాత ఇళ్లల్లో గోడ బోర్డు కథ కూడా అంతే. ల్యాప్‌టాప్ అంచు తాకితే, గిటార్ తీగ తాకితే సన్నగా జివ్వుమనడం దీనికి గుర్తు. చార్జర్ లోపలి ఫిల్టర్ నుంచి కారే ఆ కాస్త కరెంట్ మామూలుగా చంపదు. కానీ ఈ బోర్డులో ఎర్త్ లేదు అని అరిచి చెబుతోంది. దానికి జవాబు ఎర్త్ వేయించడం. ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి 'సెట్ చేసే' వాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే యాంప్ బాడీ మీదికి ఫేజే వస్తుంది.

ఎర్త్ గుంత ఉన్నా ఎండాకాలంలో పనిచేస్తుందన్న గ్యారెంటీ లేదు. బొగ్గు, ఉప్పు వేసి రాడ్ దించిన గుంతలో తడి ఉన్నంత వరకే నేల కరెంట్‌ను లాక్కుంటుంది. ఆదిలాబాద్ నల్లరేగడి ఏప్రిల్, మే నెలల్లో నెర్రెలు బారుతుంది. రాడ్‌కు, మట్టికి మధ్య ఖాళీ వస్తుంది. రామగుండం వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలంలో లేని మోత ఎండాకాలంలో మొదలైతే ఆ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. పాత ఎలక్ట్రీషియన్లు చెప్పే మాటే ఇది, వింటే నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. జనరేటర్ పెట్టిన చోట దాని బాడీకి, న్యూట్రల్‌కు ఎర్త్ వేశారా లేదా అని సెట్ కలపకముందే ఎలక్ట్రీషియన్‌ను అడగాలి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా సులువు. ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక మొన గిటార్ తీగకు, ఇంకో మొన మైక్ జాలీకి. ఒకటి రెండు వోల్టుల లోపు ఉంటే సరే. పదుల్లో, వందల్లో చూపిస్తే ఆ మైక్ దగ్గరికి ఎవరూ పోవద్దు.

ఈ బాధలేవీ లేని సంగీతం కూడా ఈ నేల మీదే ఉంది. దండారి రోజుల్లో గుస్సాడీ ఆటకు మోగే డప్పు, తుడుం, పెప్రేలకు ప్లగ్గే అక్కర్లేదు!

మూత మాత్రం తెరవొద్దు

తీసేసి చూసినవన్నీ బాగానే ఉండి, జాక్ ఖాళీగా ఉన్నా, నాబ్ సున్నాలో ఉన్నా 100 హెర్ట్జ్ మోత ఆగకపోతే లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైపోయి ఉంటాయి. ఇవి డీసీలో మిగిలే అలలను మింగే డబ్బాలు. లోపలి ద్రవం ఎండిపోతే మింగలేవు. వేడి వీటికి శత్రువు. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం అవుతుందని ఇంజినీర్ల లెక్క. రేకుల షెడ్డులో మే నెలంతా పడున్న యాంప్ గురించి ఆలోచించండి. వాల్వులతో నడిచే పాత యాంప్ అయితే ఈ డబ్బాల్లో 400 వోల్టుల దాకా నిల్వ ఉండొచ్చు, ప్లగ్గు పీకేసినా సరే. తెలిసిన మెకానిక్ తప్ప ఎవరూ స్క్రూ డ్రైవర్ పట్టొద్దు.

మోత కాకుండా నాబ్ తిప్పినప్పుడు మాత్రమే 'గర్ గర్' అంటే అది దుమ్ము. గోదావరిఖని, మందమర్రి వైపు గాలిలో బొగ్గు పొడికి కొదవ లేదు కదా. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి నాబ్‌ను అటూ ఇటూ పదిసార్లు తిప్పితే పోతుంది. అదీ ప్లగ్గు పీకాకే. 'ట్రిడ్ ట్రిడ్ ట్రిడ్' అని ఉన్నట్టుండి వచ్చి పోతే యాంప్ మీద పెట్టిన ఫోన్ తీయండి.

షాపుకు తీసుకెళ్తే "సౌండ్ వస్తుంది" అని ఒక్క మాట చెప్పి వదిలేయకండి. జాక్ తీసినా వస్తుందా, వాల్యూమ్‌తో మారుతుందా, ఏ బోర్డు మీద వస్తుంది, ఇన్వర్టర్ మీద ఎలా ఉంది.. ఈ నాలుగూ ఫోన్‌లో ఒక్కో చిన్న వీడియో తీసి చూపించండి. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను ఇప్పటికే ఎవరో పీకేసి ఉంటే ముందు కొత్త మూడు పిన్నుల ప్లగ్గు వేయమని చెప్పండి. మిగతా రిపేరు ఆ తర్వాత.